ఎప్పటికీ నిజం కాని షరతు

తూ మాస్టారు చచ్చిపోయే ముందు అన్న ఆఖరి మాట, "సున్నం ఎక్కువైంది."

కావ్‌షుంగ్ రేవు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం. తారు మెత్తబడిపోయేంత ఎండ. గాజుగది వక్కల కొట్టు ముందు స్కూటర్ ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా కిటికీలోకి చెయ్యి చాచాడాయన. వెనక సీట్లో షూఫెన్. ఇరవై ఏళ్ళ కిందట ఆయన దగ్గర కెర్నల్, అంటే కంప్యూటర్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం, రాయడం నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు గూఢచారి శాఖ దక్షిణ విభాగంలో ఏజెంట్.

"డాక్టర్ వక్కలు మానమన్నాడు కదా మాస్టారూ?"

"మానేశానమ్మా. రోజూ మానేస్తూనే ఉన్నా."

"ఫోన్లో చెప్పను, రమ్మన్నారు. వచ్చా. చెప్పండి మరి."

"చేప జావ తాగుతూ చెప్తా, ఖాళీ కడుపుతో చెప్పే సంగతి కాదు. ఇదొక్కటి పట్టుకో. ఎర్రర్‌ని అందరూ చూస్తారు. వార్నింగ్‌ని ఎవడూ చూడడు. వాడు అక్కడే దాక్కున్నాడు."

గాజుగదిలో మెరుపుల జాకెట్ పిల్ల, ముఖానికి మాస్క్, ఆకు చుట్టిన వక్క ఒకటి ఆయన అరచేతిలో పెట్టింది. "కొత్త సరుకు పెద్దాయనా. మొదటిది ఊరికే. రుచి చూడండి."

ఆయన నమిలాడు. ముఖం చిట్లించాడు. ఆ ఆఖరి మాట అని, స్కూటర్‌తో సహా పక్కకి ఒరిగిపోయాడు.

షూఫెన్ ఆయన తల ఒడిలో పెట్టుకుని పైకి చూసేసరికి గాజుగది ఖాళీ. లోపల టేబుల్ ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది. వెనక తలుపు గాలికి కొట్టుకుంటోంది.

*

అంత్యక్రియల నుంచి ఆమె తిన్నగా రొయ్యల హాలుకి వెళ్ళింది. ఊరి చివర రేకుల షెడ్డు. మధ్యలో పచ్చటి నీళ్ళ తొట్టి. చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో పని లేనివాళ్ళు గాలాలు వేసుకుని రొయ్యలు పడుతున్నారు. వాళ్ళలో బనీను వేసుకుని కూర్చున్న బట్టతల మనిషి హుంగ్, దక్షిణ విభాగం అధిపతి.

ఆమె చేతికి కట్టుకున్న గోనెగుడ్డ పేలికని చూశాడాయన. "అది సొంత పిల్లలు కట్టుకునేది. నువ్వు ఆయన కూతురివి కాదు కదా."

"కాదని ఎవరన్నారు సార్?"

హుంగ్ గాలం వంక చూస్తూనే చెప్పడం మొదలుపెట్టాడు.

"హాయ్‌యెన్ టగ్ కంపెనీ. నాలుగు టగ్గులు. పెద్ద ఓడల్ని రేవులోకి లాక్కొచ్చేవి. వాటి ఇంజన్‌లని నడిపేది కంప్యూటర్. ఆ కంప్యూటర్ కెర్నల్‌లో ఇంజన్‌తో మాట్లాడే ముక్కకి, అదే మీరు డ్రైవర్ అంటారే దానికి, బయటివాడెవడో ఒక మార్పు, మీ భాషలో ప్యాచ్, పంపాడు. ల్యాప్‌టాప్ మీద బిల్డ్ అయింది, నడిచే ప్రోగ్రాం తయారైంది. సర్వర్ మీద అయింది. టగ్గుల్లో ఉండే ఆర్మ్ చిప్‌కి మాత్రం చస్తే కావట్లేదు. సరిచేయమని కంపెనీ వాళ్ళు తూని పిలిచారు. మర్నాడే ఆయన నాకు ఫోన్ చేసి, 'హుంగ్, ఇది పొరపాటు కాదు, బోను' అన్నాడు. అంతే."

"బోను దేనికి?"

"శుక్రవారం గ్యాస్ ఓడ వస్తోంది. రేవు నోటి దగ్గర నాలుగు టగ్గులూ తాళ్ళతో దాన్ని పట్టుకుని ఉంటాయి. సరిగ్గా అప్పుడు ఇంజన్లు ఆగిపోయాయనుకో. ఓడ గోడకి కొట్టుకుంటుంది. గోడ అవతల గ్యాస్ ట్యాంకులు. ట్యాంకుల అవతల మీ మాస్టారు స్కూటర్ ఆపిన రోడ్డు."

"ఓడనే ఆపేయొచ్చుగా?"

"ఆపితే సముద్రం అవతలి వాళ్ళు ఇంకో రేవు చూసుకుంటారు. ఇంకో ప్యాచ్ రాసుకుంటారు. నాకు ఇక్కడ వాళ్ళకి పనిచేసే ముఠా పేర్లు కావాలి షూఫెన్. మొత్తం."

"నాకు ఆ వక్క చుట్టినది కావాలి."

"అది డిపార్ట్‌మెంట్ పని కాదు."

"నా పని."

హుంగ్ నిట్టూర్చి, జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో ముత్యాల దుద్దులు. ఒకదాంట్లో మైక్, ఒకదాంట్లో ఆయన గొంతు. "తూ బదులు కాంట్రాక్టు ఇంజినీరుగా వెళ్తున్నావ్. లోపల మన మనిషి ఒకామె ఉంది. సంకేతనామం పావురం. ముఠా తమ మనిషే అనుకుంటోంది. ఆరేళ్ళుగా మనకి సమాచారం ఇస్తోంది. 'పాలచేప తాజాదేనా' అని అడుగు. 'ముళ్ళు తీసే పెట్టా' అంటుంది."

*

పావురం ఇంత అందంగా ఉంటుందని హుంగ్ చెప్పలేదు.

లియావ్ చింగ్యా, హాయ్‌యెన్ కంపెనీ టెక్నికల్ మేనేజర్. ఆకుపచ్చ సిల్కు చొక్కా, నడుము దాకా జుట్టు. ఆమె నడిచొస్తుంటే క్యాంటీన్‌లో చాప్‌స్టిక్‌లు గాల్లోనే ఆగిపోయాయి.

"ఇవాళ పాలచేప తాజాదేనా?" అంది షూఫెన్, ట్రే పట్టుకుని.

"ముళ్ళు తీసే పెట్టా అక్కా." చింగ్యా నవ్వింది. గొంతు తగ్గించి, "వచ్చావ్, బతికించావ్. ఆ బిల్డ్ తొందరగా కానిచ్చెయ్. అది టగ్గుల్లోకి ఎక్కితే గానీ వాళ్ళు బయటికి రారు. మీ మాస్టారి సంగతి విన్నా. పాపం. గుండె అట కదా?"

"అవును. గుండె."

"వయసైపోయిందిలే."

షూఫెన్ చేతిలో చాప్‌స్టిక్ విరిగింది, అంతే. వెళ్ళి ఇంకో జత తెచ్చుకుంది.

చింగ్యా తన గదిలోకి తీసుకెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచింది. వేలిముద్ర పెట్టింది. ఒప్పుకోలేదు. ఇంకో వేలు పెట్టింది. ఊహూ. మూడోదీ కాదంది. విసుక్కుని పాస్‌వర్డ్ కొట్టింది.

"ఏమైంది వేళ్ళకి?"

"వేపుడు చేస్తూ కాల్చుకున్నానక్కా. నాకెందుకు చెప్పు వంటలు!"

గోళ్ళకి ఎర్రటి రంగు. వాటి కింద మూడు వేళ్ళ కొసలూ తెల్లగా పొక్కి, పొర లేచి ఉన్నాయి. నూనె ఇలా కాల్చదు. నూనె ఎక్కడ పడితే అక్కడ చిందుతుంది. మూడు వేళ్ళ కొసల్నీ ఒక్కలాగే తినేసేది తడి సున్నం. వక్కలమ్మే ఆడవాళ్ళు పుల్లతో రాస్తారు. వేలితో రాసేది అలవాటు లేనివాళ్ళే.

షూఫెన్ బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. "సార్, దొరికింది. పావురమే."

చెవిలో హుంగ్ గొంతు పేలింది. "మతి ఉందా! ఆరేళ్ళుగా మన మనిషి!"

"ఆరేళ్ళుగా ఇద్దరి మనిషి. దాని వేళ్ళు చూశా."

"వేళ్ళు చూపించి కోర్టులో ఏం చెప్తావ్? రుజువు తే. దానంతట అది బటన్ నొక్కాలి. అందాకా దాని మీద చెయ్యి వేశావో..."

"వెయ్యను." అద్దంలో తన ముఖం చూసుకుంది. "నొక్కనిస్తాను."

*

ఎర్రర్ చిన్నదే. ప్యాచ్‌లో ఎవరో ఒక పెద్ద అంకెని, అంటే నానోసెకన్లలో ఉన్న సమయాన్ని, మామూలుగా భాగించారు. ల్యాప్‌టాప్ చిప్‌కి అది చిటికెలో పని. టగ్గులోని చిన్న ఆర్మ్ చిప్‌కి అంత పెద్ద భాగహారం చేతకాదు. మామూలు ప్రోగ్రాముల్లో అయితే, కోడుని చిప్ భాషలోకి మార్చే కంపైలర్ చాటుగా ఒక సాయం ఫంక్షన్‌ని పిలుచుకుంటుంది. కెర్నల్‌లో ఆ సాయం ఉండదు. అందుకే బిల్డ్ చివర్లో, 'ఫలానా ఫంక్షన్ దొరకలేదు' అని చతికిలబడుతోంది. కెర్నల్‌కి సొంత భాగహారం ఉంది. దాన్ని వాడితే చాలు. ఒక్క లైను. తూ మాస్టారు అయితే టీ చల్లారేలోపు చేసి పారేసేవాడు.

చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదు?

ఎర్రర్‌ని అందరూ చూస్తారు. షూఫెన్ స్క్రీన్‌ని పైకి జరిపింది. వందల లైన్ల గోలలో, ఎవరూ చదవని చోట, లేత ఊదారంగులో ఒక వార్నింగ్.

'ఈ పోలిక ఎప్పటికీ నిజం కాదు.'

ఆమె వీపు నిటారుగా అయింది.

ఆ లైను దగ్గరికి వెళ్ళింది. డ్రైవర్ రేడియో నుంచి ఒక చిన్న అంకె తీసుకుంటోంది. అది మైనస్ ఒకటి అయితే ఇంజన్‌లకి డీజిల్ ఆపేయాలి. అదే బోను. రాసినవాళ్ళు ల్యాప్‌టాప్ మీద పరీక్షించుకున్నారు. అక్కడ ఆ రకం అంకె మైనస్‌లోకి వెళ్తుంది. ఆర్మ్ చిప్ మీద అదే అంకెకి మైనస్ అనేదే లేదు, సున్నా నుంచి పైకే. కొత్త కెర్నల్‌లలో ఈ తేడా తీసేశారు. ఇది పాతది. మైనస్ ఒకటి ఎప్పటికీ రాదని తెలుసుకున్న కంపైలర్, ఆ ముక్క మొత్తాన్నీ కోసి అవతల పారేసింది.

అంటే ఇంత దొంగ కోడూ టగ్గులోకి ఎక్కేసరికి చచ్చిన పాము.

నా మెషీన్‌లో పనిచేస్తోంది కదా అనుకుంది ఆ ముండ. షూఫెన్ నవ్వింది. మాస్టారు పోయాక అదే మొదటి నవ్వు.

ఒక్క లైను మార్చింది. బిల్డ్ పూర్తయింది. ఆఫీసంతా చప్పట్లు. చింగ్యా వచ్చి మెడ చుట్టూ చేతులేసింది. "అక్కా, నువ్వు దేవతవి!"

వార్నింగ్ ఊదారంగులో అలాగే వెలుగుతోంది. చింగ్యా దాని వంక కూడా చూడలేదు.

*

శుక్రవారం పొద్దున హాయ్‌యెన్-మూడు రేవు నోటి వైపు ఊగుతూ బయల్దేరింది. 'కొత్త కెర్నల్ పరీక్ష' పేరుతో షూఫెన్ ఎక్కింది. చింగ్యా కూడా ఎక్కింది, తెల్ల ప్యాంటు, నల్ల కళ్ళద్దాలు, చేతిలో లిప్‌స్టిక్.

కెప్టెన్ జువాంగ్‌కి అరవై దాటాయి. మెడలో సముద్రమాత తాయెత్తు, నోట్లో వెలిగించని సిగరెట్. "ఏమ్మాయ్, నా టగ్గు మెదడు మార్చేశారట. ఇదివరకు నేను చెప్తే ఇది వినేది. ఇక ఇది చెప్తే నేను వినాలా?"

"అంతా అలాగే ఉంటుంది బాబాయ్."

"మా ఆవిడ కూడా పెళ్ళప్పుడు అదే చెప్పింది."

ముందు తెల్లటి గుట్టలా గ్యాస్ ఓడ. ఒకటో, రెండో, నాలుగో టగ్గులు దాని పక్కలకి అతుక్కున్నాయి. హాయ్‌యెన్-మూడు వెనక్కి వెళ్ళి తాడు అందుకుంది. వెనక టగ్గంటే ఓడకి బ్రేకు. అదొక్కటి వదిలేసినా ఓడ ఆగదు.

షూఫెన్ కింద ఇంజన్ గదిలోకి దిగింది. కంట్రోల్ పెట్టెని పలకరించి పోదామనుకుంది. చూసి ఆగిపోయింది.

పెట్టె మీద ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్. అది మామూలే. ఈ ద్వీపంలో ప్యాకెట్ పెట్టని మెషీన్ ఉండదు. పచ్చది పెడితే మెషీన్ మాట వింటుంది, పసుపుది పెడితే అలుగుతుంది. కానీ ఇది కొత్తగా నిగనిగలాడుతోంది. మిగతా మూడు టగ్గుల్లో ప్యాకెట్లు ఎండకి వెలిసిపోయి, డీజిల్ మరకలతో ఉన్నాయి.

ఇంటర్‌కమ్ నొక్కింది. "బాబాయ్, ఈ ప్యాకెట్ ఎప్పుడు మార్చారు?"

"మొన్నే. కొత్త మెషీన్‌కి పాత ప్యాకెట్ పెడతామా ఎక్కడైనా? ఉప్పునీళ్ళు దూరి పాత బోర్డు కాలిపోయింది. కంపెనీ వాళ్ళు చేతికందింది బిగించేశారు. ల్యాప్‌టాప్‌లో ఉండే రకం అట, భలే స్పీడట!"

ల్యాప్‌టాప్‌లో ఉండే రకం.

ఆ చిప్ మీద మైనస్ ఒకటి వస్తుంది. ఆ చిప్ మీద షరతు నిజమవుతుంది. మిగతా మూడింటిలో పాము చచ్చింది, ఇక్కడ బతికే ఉంది! తను సరిచేసిన కోడునే కంపెనీ వాళ్ళు ఈ చిప్‌కీ బిల్డ్ చేసి ఎక్కించారు. తనే, పగ కోసం నోరు మూసుకుని, దీన్ని ఇక్కడిదాకా తెచ్చింది.

"షూఫెన్! ఏమైంది?" చెవిలో హుంగ్.

"మూడో టగ్గు ఆగిపోతుంది సార్. మాట్లాడకండి."

ల్యాప్‌టాప్ తెరిచింది. డ్రైవర్ ఒక్కటే మళ్ళీ బిల్డ్ చెయ్యాలి. కంపైలర్‌కి ఒక్క ఆప్షన్ చెప్తే చాలు, ఏ చిప్ అయినా సరే ఆ అంకెకి మైనస్ ఉండకూడదని. టైప్ చేసింది. ఎంటర్. లైన్లు పరిగెత్తాయి.

"బాబాయ్, కంప్యూటర్‌ని ఇంజన్ నుంచి తప్పిస్తున్నా. లీవర్ చేత్తో పట్టుకోండి."

"ఇప్పుడా?! తాడు బిగిసి ఉంది అమ్మాయ్!"

"ఇప్పుడే. ఎందుకని అడగొద్దు."

"అడిగితే మాత్రం చెప్తావా." క్షణం ఆగి, "పట్టుకున్నా. తొందరగా కానీ, ఇదేం పసిపిల్ల చెయ్యి కాదు, లాగేస్తోంది!"

పాత డ్రైవర్‌ని పీకేసింది. తాడు గట్టిగా మూలిగింది.

"ఏం చేస్తున్నావక్కా?"

మెట్ల మీద చింగ్యా. కళ్ళద్దాలు తీసేసింది. కుడిచేతిలో బుల్లి పిస్తోలు, ఎడమచేతిలో లిప్‌స్టిక్, దాని అడుగున ఎర్రదీపం.

"వార్నింగ్ సరిచేస్తున్నా," అంది షూఫెన్ తల తిప్పకుండా.

"ఏ వార్నింగ్?"

"అదీ నీ రోగం. ఎప్పుడూ చదవవు."

"ముసలాడూ ఇలాగే నీతులు చెప్పేవాడట. వక్క నోట్లో పెట్టుకోగానే నోరు మూతపడింది." చింగ్యా పొక్కిన బొటనవేలు లిప్‌స్టిక్ మీదకి జరిగింది. "చేతులు తియ్. ఓడ రేవు నోట్లోకి వచ్చేసింది. చూస్తూ చద్దువుగాని."

"నువ్వు కూడా ఈ టగ్గు మీదే ఉన్నావ్."

"పక్కన స్పీడ్‌బోటు ఉంది. ఇంజన్ ఆగీ ఆగగానే నేను అందులో ఉంటా."

స్క్రీన్ మీద ఆఖరి లైను పడింది. బిల్డ్ అయింది. వార్నింగ్ వచ్చింది. ఊదారంగులో, ముద్దొచ్చేలా. 'ఈ పోలిక ఎప్పటికీ నిజం కాదు.'

షూఫెన్ ఎంటర్ కొట్టింది. కొత్త డ్రైవర్ ఎక్కింది. "బాబాయ్, వదిలెయ్యండి!"

అదే క్షణంలో చింగ్యా లిప్‌స్టిక్ నొక్కింది.

ఇంజన్ దగ్గింది. గది అంతా ఒక్కసారి నిశ్శబ్దం. పైన జువాంగ్ ఏదో బూతు మాట మొదలుపెట్టి సగంలో ఆపేశాడు. తాడు వదులవుతున్న చప్పుడు.

ఆ తర్వాత కొత్త డ్రైవర్ పగ్గాలు అందుకుంది, ఇంజన్ పూనకం వచ్చినట్టు గర్జించింది. తాడు మళ్ళీ బిగిసింది.

చింగ్యా మళ్ళీ నొక్కింది. మళ్ళీ. మళ్ళీ. "పనిచేసింది... నా దగ్గర పనిచేసింది!"

"అందరూ అదే అంటారు," అంది షూఫెన్, గోడకున్న మంటలార్పే సిలిండర్ ఊడబెరికి పిస్తోలు చేతి మీద దించుతూ. ఎముక విరిగిన చప్పుడు ఇంజన్ హోరులో కూడా వినిపించింది. "ఇది మాస్టారి తరఫున. నా తరఫున ఇంకా ఉంది."

*

గ్యాస్ ఓడ చల్లగా ఒడ్డుకి చేరింది. ఊళ్ళో జనం యథావిధిగా భోజనాలు చేశారు.

హుంగ్ టగ్గు ఎక్కేసరికి చింగ్యా గొలుసుతో పైపుకి కట్టేసి ఉంది. విరిగిన మణికట్టు ఒళ్ళో పెట్టుకుని కూడా నవ్వుతూనే ఉంది.

"హుంగ్ సార్, ఆరేళ్ళు నాకు పుట్టినరోజుకి పైనాపిల్ కేకులు పంపారు. భలే బాగుండేవి. పేర్లు మాత్రం చెప్పను. రెండేళ్ళు జైల్లో కూర్చుంటా. మీ వాడెవడో సముద్రం అవతల మా వాళ్ళకి దొరుకుతాడు. వాణ్ణిచ్చి నన్ను తెచ్చుకుంటారు. మా ఊళ్ళో నాకు పూలదండలేస్తారు. అక్కా, వీలైతే నువ్వూ రా."

హుంగ్‌కి తెలుసు. అది నిజమే. అలాగే జరుగుతుంది. అన్నిసార్లూ అలాగే జరిగింది.

షూఫెన్ ల్యాప్‌టాప్ తిప్పి చింగ్యా ముందు పెట్టింది. ఇంకా పంపని ఒక ఈమెయిల్. ఆ ప్యాచ్‌ని మొట్టమొదట పంపిన చోటికి, ప్రపంచంలో కెర్నల్ రాసేవాళ్ళంతా చదివే లిస్టుకి. ఇంజన్ డ్రైవర్‌లో బోను ఉంది, ఇదిగో సవరణ. కింద, పద్ధతి ప్రకారం పేర్లు.

తప్పు పట్టుకున్నది: లియావ్ చింగ్యా.
పరీక్షించినది: లియావ్ చింగ్యా.

చింగ్యా నవ్వు సగం ముఖం మీదే ఆగిపోయింది.

"మా వాళ్ళలో ఒక మర్యాద ఉంది," అంది షూఫెన్. "తప్పు ఎవరు పట్టుకుంటే వాళ్ళ పేరు పక్కన వేస్తాం. చెరపడానికి ఉండదు. మీ వాళ్ళూ ఈ లిస్టు చదువుతారుగా? మూడు టగ్గుల్లో బోను పనిచెయ్యలేదు, మిగిలినదాంట్లో ఆఖరి క్షణంలో ఆగిపోయింది. ఎందుకో వాళ్ళకి అర్థమైపోతుంది."

"వద్దు."

"రేపు పేపర్లో సార్ నీ ఫొటో కూడా వేయిస్తారు. 'ఊరిని కాపాడిన వీరనారి.' ఆ ఆకుపచ్చ చొక్కాది బాగుంటుంది."

"అక్కా, నన్ను చంపేస్తారక్కా! ఊరికే చంపరు. నీకు తెలీదు వాళ్ళు..."

"మాస్టారికి కూడా తెలీదు." షూఫెన్ వేలు ఎంటర్ మీద ఆనింది. "పూలదండల సంగతి చెప్తున్నావ్, ఆపేశావేం?"

చింగ్యా చెప్పడం మొదలుపెట్టింది. గుటక వేయకుండా చెప్పింది. తైపే టీ కంపెనీ యజమాని, రేవు ఆఫీసులో గుమాస్తా, ప్యాచ్ రాసిన ఇద్దరు, విషం తెచ్చిన దంతవైద్యుడు. హుంగ్ మనుషులు విన్నది విన్నట్టు ఫోన్లలో చెప్పేస్తున్నారు. ఆమె ఆఖరి పేరు చెప్పేటప్పటికి మొదటి వాడి చేతికి బేడీలు పడిపోయాయి.

"అయిపోయింది. అంతే. ఇంకెవరూ లేరు." చింగ్యా ల్యాప్‌టాప్ వైపు మెడ చాచింది. "ఇక అది తీసెయ్ అక్కా."

షూఫెన్ ఎంటర్ కొట్టింది.

"మాటిచ్చావ్!"

"ఎప్పుడు? సార్, నేనేమైనా మాటిచ్చానా?"

హుంగ్ సముద్రం వైపు తిరిగి, "ఇంజన్ చప్పుడులో నాకేం వినపడలేదు," అన్నాడు.

"రెండేళ్ళయ్యాక నిన్ను మార్చుకుంటామని వాళ్ళు అడుగుతారు," అంది షూఫెన్, ల్యాప్‌టాప్ మూయకుండానే. "తప్పకుండా అడుగుతారు. అప్పుడు జైలు గేటు పట్టుకుని వేలాడి, పంపొద్దని నువ్వే ఏడవాలి. రోజూ. బతికినంత కాలం. నా తరఫున అంటే అదీ."

పోలీసులు చింగ్యాని దింపుకుపోయారు. షూఫెన్ చేతి గోనెపేలిక విప్పి జేబులో పెట్టుకుంది. కాసేపు ఏడ్చింది. జువాంగ్ పైనుంచి ఏమీ అడక్కుండా టీ పంపాడు.

టీ సగంలో ఉండగా లిస్టులో మొదటి జవాబు వచ్చింది. ఎక్కడో జర్మనీ నుంచి, ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషి.

'లియావ్ గారూ, బాగా పట్టుకున్నారు, ధన్యవాదాలు. సవరణ తీసుకుంటున్నాను. ఇకముందు పంపేటప్పుడు మాత్రం లైన్ల మొదట్లో స్పేసులు కాకుండా ట్యాబులు వాడగలరు.'